రెండేళ్ల ఇండిపెండెంట్ ఇల్లు కొంటున్నారా? గోడల కంటే ముందు వీధిని చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హైదరాబాద్ శివార్లలో నాగారం, రాంపల్లి మధ్య ఒక కాలనీలో 167 గజాల్లో ఉత్తరం ఫేసింగ్ జీ ప్లస్ వన్ ఇల్లు. కట్టి రెండేళ్లయింది. కోటీ నలభై ఐదు లక్షలు చెబుతున్నారు. పై పోర్షన్‌లో అద్దెకున్నారు, కింద ఖాళీ. మీ శ్రీమతి గారికి పోచారంలో ఆఫీసు, మీకు హైటెక్ సిటీలో. ఇల్లు కొత్తగా, నీట్‌గా ఉంది, బ్యాంకు లోన్ కూడా వస్తుందంటున్నారు, ఇంకా ఏం చూడాలి అని.

నేను సివిల్ ఇంజినీరుని. కొన్నేళ్లు బిల్డర్ల దగ్గర సైటు పని చేసి, ఇప్పుడు బ్యాంకులకు ఇళ్ల వాల్యుయేషన్ రిపోర్టులు రాస్తున్నాను. ఘట్‌కేసర్, కీసర, నాగారం, బోడుప్పల్ వైపే నా తిరుగుడు ఎక్కువ. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

పదిహేనేళ్ల ఇల్లయితే దాని లోపాలన్నీ ఎప్పుడో బయటపడి ఉంటాయి. ఎక్కడ కారుతుందో, ఎక్కడ చెమ్మ పడుతుందో చూస్తేనే తెలిసిపోతుంది. రెండేళ్ల ఇంటికి ఇంకా పరీక్షే జరగలేదు. పైగా అమ్మకానికి పెట్టే ముందు రంగులు వేసి ఉంటారు. అందుకే ఆ ఇంటి గురించి ఆ ఇంట్లో నిలబడి తెలుసుకునేది తక్కువ. అదే వీధిలో ఏడెనిమిదేళ్ల నాటి ఇళ్లు, అదే బిల్డర్ వేరేచోట కట్టిన ఇళ్లు, కాలనీ పల్లం ఎటు ఉందో, మురుగు ఎక్కడికి పోతుందో, పై పోర్షన్ వాళ్లు ఏం చెబుతారో, వీటిలోనే అసలు సంగతి దొరుకుతుంది.

ముందు ఆ బ్యాంకు లోన్ మాట తేల్చేద్దాం. "లోన్ వస్తుందంటే పేపర్లు క్లియర్ అన్నట్టేగా" అని అందరూ అంటారు. కాదండీ. నేను రిపోర్టు రాసేది బ్యాంకు కోసం. మీరు కిస్తీ కట్టకపోతే ఆ ఇల్లు అమ్మి బాకీ రాబట్టుకోవచ్చా అన్నదే అక్కడ ప్రశ్న. వేసవిలో బోరు ఎండుతుందా, రాత్రిపూట కెమికల్ వాసన వస్తుందా అనే గడులు నా ఫారంలో ఉండవు. లీగల్ ఒపీనియన్ ఇచ్చే లాయరు కూడా తన ముందు పెట్టిన కాగితాలు చూసి రాస్తాడు, పెట్టనివాటి గురించి రాయడు. 2024 సెప్టెంబరులో అమీన్‌పూర్ మండలంలోని కిష్టారెడ్డిపేట, పటేల్‌గూడలలో ప్రభుత్వ భూమిలో కట్టారంటూ హైడ్రా (చెరువులు, ప్రభుత్వ భూముల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) ఇళ్లు కూల్చింది గుర్తుందిగా. పేపర్లు సరిగ్గా ఉన్నాయా అన్న టెన్షన్ శివార్లలో అప్పటి నుంచి మరీ పెరిగింది. రిజిస్ట్రేషన్ జరిగిందన్నంత మాత్రాన, లోన్ వచ్చిందన్నంత మాత్రాన ఆ స్థలంలో ఇల్లు ఉండొచ్చని ఎవరూ హామీ ఇచ్చినట్టు కాదు.

ఇప్పుడు నీళ్ల సంగతి. ఇంటి పరీక్షలో సగం ఇదే అంటాను నేను.

ఇంటి గేటు దగ్గర నిలబడి, వాన నీళ్లు ఎటు పోవాలో చూడండి. కంటికి తెలియకపోతే బకెట్ నీళ్లు రోడ్డు మీద పోయండి. తర్వాత అది పారే వైపు నడవండి. కాలనీలో ఎక్కడో ఒకచోట అన్ని వీధుల నీళ్లూ కలిసే పల్లం ఉంటుంది. మీ ఇల్లు ఆ పల్లంలోనో, దాని పక్క వీధిలోనో ఉంటే ధర ఎంత తగ్గించినా నేనైతే వద్దంటాను. అక్కడున్న పాత ఇళ్ల గేట్లు గమనించండి. కింది నుంచి జానెడు ఎత్తు వరకు తుప్పు పట్టి, పైన పెయింట్ బాగానే ఉందంటే ఏటా అక్కడ నీళ్లు నిలుస్తున్నట్టే. కాంపౌండు గోడల మీద మట్టి గీత, గుమ్మం ముందు కొత్తగా కట్టిన అడుగెత్తు సిమెంటు కట్ట, షట్టర్ల ముందు ఇసుక బస్తాలు కనిపిస్తే అక్కడివాళ్లను ఇక అడగక్కర్లేదు.

2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. ఆ చుట్టుపక్కల ఏ స్థలానికైనా అంతకన్నా గట్టి పరీక్ష ఉండదు. ఇక్కడ ఒక తిరకాసుంది. మీరు చూసిన ఇల్లు అప్పటికి లేదు. "మా ఇంట్లోకి ఎప్పుడూ నీళ్లు రాలేదండీ" అని ఓనరు అంటే అది నిజమే కావచ్చు, కానీ దాన్నిబట్టి మీకు తెలిసేదేమీ లేదు. "2020లో ఈ ఖాళీ ప్లాట్లలో నీళ్లు ఎంతవరకు నిలిచాయి?" అని అంతకు ముందు నుంచి ఉంటున్న వాళ్లను అడగండి. కిరాణా కొట్టాయన, ఇస్త్రీ బండి ఆయన చెబుతారు. వాళ్లకు ఇల్లు అమ్ముడైతే వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. నిజాంపేటలో బండారి లేఅవుట్ 2016లో మునిగింది, 2020లో మళ్లీ మునిగింది. చక్కటి అపార్టుమెంట్లే, చూడ్డానికి ఏ లోపమూ లేదు. నేల పల్లం, అంతే.

కంప్యూటరు ఉంటే గూగుల్ ఎర్త్ ప్రో వేసుకోండి, ఉచితమే. అందులో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు ఒకదాని తర్వాత ఒకటి చూడొచ్చు. మీ ప్లాటు ఉన్నచోట పదిహేనేళ్ల కిందట ఏముందో చూడండి. బీడు భూమి, పొలం అయితే సరే. వానాకాలం బొమ్మలో నీలంగా, వేసవి బొమ్మలో పచ్చగా కనిపిస్తే అది కుంటో, శిఖం భూమో (చెరువు లోపలి భూమి) అయి ఉండొచ్చు. సన్నటి వంకర గీతలాగా చెట్లు కనిపిస్తే అది వాగు దారి. తర్వాత హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైటులో దగ్గరున్న చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) మ్యాపు తీసి చూడండి. నిబంధన ఏమిటంటే, పది హెక్టార్లు, ఆపై విస్తీర్ణం ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు బఫర్ (ఏమీ కట్టకూడని ఖాళీ జాగా) వదలాలి. నాలా వెడల్పు పది మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపయితే 2 మీటర్లు. ఈ కొలతలు గుర్తుపెట్టుకుని టేపు పట్టుకెళ్లండి. నాలా ఇప్పుడు నాలుగడుగుల మోరీలా కనిపిస్తున్నా గ్రామ నక్షాలో ముప్పై అడుగులు ఉండొచ్చు. లెక్కలోకి వచ్చేది నక్షాలో ఉన్నదే.

రోడ్డు ఎత్తు గురించి ఎవరూ ఆలోచించరు. శివారు కాలనీల్లో మట్టి రోడ్డు మీద సీసీ రోడ్డు వేస్తారు. కొన్నేళ్లకు దాన్ని తవ్వకుండా, దాని మీదే ఇంకో పొర పోస్తారు. ఒక్కో విడతకు రోడ్డు అరడుగో, ఇంకా ఎక్కువో లేస్తుంది. మీ ఇంటి ముందు ఇంకా సీసీ పడకపోతే, ఇవాళ రోడ్డుకు సమానంగా ఉన్న పార్కింగ్ రేపు గుంత అవుతుంది. ఇంటి బేస్‌మెంట్ రోడ్డు కంటే కనీసం రెండున్నర, మూడడుగులు ఎత్తులో ఉందా, పార్కింగ్ నేల వీధి వైపు వాలి ఉందా చూడండి. ర్యాంపు గేటు నుంచి లోపలికి దిగుతుంటే మాత్రం ఆ ఇంటి గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించాల్సిందే.

వచ్చే నీళ్లు ఒక సమస్య, పోయే నీళ్లు ఇంకో సమస్య. ఈ వైపు చాలా కాలనీల్లో డ్రైనేజీ లైను కాలనీవాళ్లే తలా కొంత వేసుకుని వేయించుకున్నది. ఇంటి ముందు మ్యాన్‌హోల్ మూత కనిపించగానే "డ్రైనేజీ ఉంది" అని సంతోషపడకండి. ఆ మూతల వెంట పల్లానికి నడుచుకుంటూ వెళ్లి, చివరి మూత తర్వాత ఏముందో చూడండి. మున్సిపాలిటీ ట్రంకు లైనులో కలిస్తే అదృష్టం. చాలాచోట్ల ఆ పైపు వెళ్లి నాలాలోనో, ఎవరిదో ఖాళీ ప్లాటులోనో తెరుచుకుంటుంది. ఆ ప్లాటు ఓనరు రేపు ఇల్లు కట్టుకోవడానికి వచ్చి పైపు మూసేస్తే కాలనీ అంతా వెనక్కి పొంగుతుంది. మీకు మూత ఎత్తి చూసే ఓపిక ఉంటే చూడండి. పొద్దున ఎనిమిది గంటలప్పుడు అందరూ స్నానాలు చేస్తుంటే లోపల నీళ్లు పారుతూ ఉండాలి. నిలిచి ఉంటే లైను వాలు తప్పిందని అర్థం.

తాగే నీళ్లు, వాడకం నీళ్లు. మంజీరా వస్తుందా అని అడగండి (మన కాలనీల్లో కృష్ణా వచ్చినా, గోదావరి వచ్చినా పేరు మంజీరాయే). వస్తే రోజు విడిచి రోజా, ఎంతసేపు, సంపులోకి ఆ ధారకే ఎక్కుతుందా, మోటారు పెట్టి లాగుతున్నారా అని కూడా. బోరు ఎన్ని అడుగులు, మోటారు ఎక్కడిదాకా దించారు అన్నది ఓనరును, ఏప్రిల్ మేలో ఎన్ని ట్యాంకర్లు కొన్నారు అన్నది పై పోర్షన్ వాళ్లను అడగండి. ఓనరును ట్యాంకర్ల గురించి అడిగితే "అస్సలు లేదు" అనే అంటాడు. వాటర్ క్యాన్లు వేసే కుర్రాడు ఎదురైతే ఇంకా మంచిది. ఆ వీధిలో ఎవరింట్లో నీళ్లు ఎలా ఉంటాయో అతనికి నోటికొచ్చు.

ఉత్తరం ఫేసింగ్ అన్నారు కాబట్టి ఒక ప్రత్యేకమైన సంగతి చెప్పాలి. 167 గజాలంటే సాధారణంగా 30 బై 50. ఉత్తరం ఫేసింగ్ అయితే ఉత్తరం వైపు ముప్పై అడుగులే. వాస్తు ప్రకారం బోరు, సంపు ఈశాన్యంలో, సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో వేస్తారు. అంటే బోరుకు, సెప్టిక్ ట్యాంకుకు మధ్య పాతిక అడుగులు ఉంటే గొప్ప. మామూలుగా యాభై అడుగులైనా ఉండాలంటారు. కొనకముందే బోరు నీళ్లు ల్యాబులో పరీక్ష చేయించండి, ఖర్చు పెద్దగా ఉండదు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణంలో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే గతి లేకపోతే 2000 వరకు. హార్డ్‌నెస్ 200, వేరే గతి లేకపోతే 600. ఫ్లోరైడ్ 1, గరిష్ఠంగా 1.5. వీటన్నిటికంటే కోలిఫాం (మురుగులో ఉండే బాక్టీరియా) పరీక్ష తప్పనిసరిగా అడగండి. అది వస్తే సెప్టిక్ ట్యాంకు నీళ్లు బోరులో కలుస్తున్నాయేమోనని అనుమానించాలి. టీడీఎస్ ఎక్కువైతే ఫిల్టర్ పెట్టుకోవచ్చు, మురుగే కలుస్తుంటే మాత్రం బోరు మార్చాల్సి రావొచ్చు. ఆ స్థలంలో మార్చడానికి చోటేదీ?

సంపు మాటొచ్చింది కాబట్టి అదీ చెప్తాను. ఈశాన్యం మూల కాలమ్ ఉంటుంది. దాని పునాది పక్కనే సంపు తవ్వుతారు. సంపు లీకైతే ఆ మూల పునాది కింద మట్టి మెత్తబడుతుంది. రాత్రి సంపు నింపించి, నీటిమట్టం దగ్గర గోడ మీద పెన్సిల్ గీత పెట్టి, వాల్వులు, మోటారు ఆపేయమనండి. పొద్దున్నే వచ్చి చూడండి. గీత కంటే రెండు వేళ్లు దిగినా ఓనరుతో మాట్లాడాల్సిందే.

ఇప్పుడు ఇంట్లోకి వెళ్దాం. ఫాల్స్ సీలింగు, లైట్లు, మాడ్యులర్ కిచెన్ ఇవేవీ చూడకండి, అవి మీ దృష్టిని లాగడానికే ఉన్నాయి. బాత్రూము గోడకు ఆనుకున్న కప్‌బోర్డు ఎక్కడుందో చూసి, దాని కింది అర తెరిచి లోపల తల పెట్టి వాసన చూడండి. ముక్క వాసన వస్తే, వెనక ప్లైవుడ్ ఉబ్బి ఉంటే, ఆ బాత్రూము నేలలోంచి నీళ్లు దిగుతున్నట్టే. గదికంతా పాత రంగు ఉండి ఒక్క గోడకు, లేదా గోడకు కింది మూడడుగులకు కొత్త రంగుంటే అక్కడ చెయ్యి పెట్టి చూడండి. ఉప్పు పొంగిన గోడ చల్లగా తగులుతుంది. పుట్టీ కింద గరుకు తెలుస్తుంది. పై పోర్షన్ బాత్రూముల కింద ఏ గదులొస్తాయో చూసి అక్కడి స్లాబు చూడండి. ఫాల్స్ సీలింగ్ ఉంటే లైటు తీసి, ఆ రంధ్రంలోంచి ఫోను టార్చి వేసి చూడనివ్వమని అడగండి. ఒప్పుకోకపోతే ఎందుకో మీరే ఊహించుకోవచ్చు.

పగుళ్లకు అందరూ భయపడతారు, అన్నిటికీ అక్కర్లేదు. కాలమ్‌కూ ఇటుక గోడకూ మధ్య నిలువుగా వచ్చే సన్న గీత రెండు వేర్వేరు పదార్థాలు కలిసేచోట వచ్చేది, ప్లాస్టరు మీద సాలెగూడులాంటి గీతలు క్యూరింగ్ (నీళ్లతో తడపడం) తక్కువైనందువల్ల వచ్చేవి. చూడ్డానికి బాగోవు గానీ ప్రమాదం లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయేది, మెట్లు మెట్లుగా ఇటుకల వెంట దిగేది, లోపలా బయటా ఒకేచోట కనిపించేది మాత్రం వేరు. అందులో రూపాయి బిళ్ల అంచు దూరితే స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి. ఆ ప్లాటు పాత క్వారీ గుంతనో, మోరీనో భవనాల శిథిలాలతో పూడ్చి చేసింది అయితే పగుళ్లు రెండు, మూడో ఏట మొదలవుతాయి. మీ ఇల్లు సరిగ్గా ఆ వయసులోనే ఉంది. పార్కింగ్ టైల్స్ మీద నాణెంతో కొడుతూ వెళ్లండి. వరసగా బోలుగా మోగితే, గోడ అంచున టైల్ కిందికి దిగితే నింపిన మట్టి కూర్చుంటోందని అర్థం. అదే బిల్డర్ కట్టిన అయిదారేళ్ల ఇల్లు ఒకటి ఎక్కడుందో కనుక్కుని వెళ్లి చూస్తే మీ ఇంటి భవిష్యత్తు అక్కడ కనిపిస్తుంది. చిన్న బిల్డర్లు మేస్త్రీని, మిక్స్‌నీ అంత త్వరగా మార్చరు.

కరెంటు గురించి తక్కువే చెప్తాను. మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ (షాక్ కొట్టబోతే కరెంటు ఆపేసే స్విచ్) ఉందా, ఎర్తింగ్ సరిగ్గా ఉందా ఎలక్ట్రీషియన్‌తో ఒక అరగంట చూపించండి. రెండు పోర్షన్లకు వేరు మీటర్లు, బిల్లు ఎవరి పేరున ఉందో చూసుకోండి. వాస్తు మీ ఇష్టం. నాకు నమ్మకం లేదు కానీ, రేపు అమ్మేటప్పుడు కొనేవాడికి ఉంటుంది. వీధి పోటు ఉన్న ఇల్లు ఇవాళ తక్కువకు వస్తే, రేపూ తక్కువకే పోతుంది. ఒకటి మాత్రం చూడండి: కట్టాక వాస్తు కోసం మార్చిన బాత్రూములు, వంటగదులు. పైపులు మళ్లించినచోటే లీకులుంటాయి.

కాగితాలకు మంచి లాయరు కావాలి, అందులో బేరం వద్దు. అయినా మీరు స్వయంగా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది ప్లాటు నంబరు. అసలు లేఅవుట్ కాపీ సంపాదించి, మీ ప్లాటు అందులో ఉందా చూడండి. నంబరు 112/ఎ అనో, 112 పార్ట్ అనో ఉంటే అక్కడ మొదట పార్కో, రోడ్డో ఉండి ఉండొచ్చు. పాత పంచాయతీ లేఅవుట్లలో ఇది మామూలే. పంచాయతీకి లేఅవుట్ మంజూరు చేసే అధికారమే లేదు, అది హెచ్‌ఎండీఏ లేదా డీటీసీపీ (రాష్ట్ర పట్టణ ప్రణాళిక శాఖ) చేయాలి. అలాంటి లేఅవుట్ అయితే ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) ప్రొసీడింగ్స్, అంటే మంజూరు ఉత్తర్వు అడగండి. 2020లో వెయ్యి రూపాయలు కట్టిన దరఖాస్తు రసీదు చూపించి "ఎల్ఆర్ఎస్ ఉంది" అంటారు. రసీదు వేరు, ప్రొసీడింగ్స్ వేరు. సర్పంచి సంతకంతో పాత తేదీ వేసిన ఇంటి పర్మిషన్ చూపిస్తే ఇంకేమీ అడక్కుండా లేచి వచ్చేయండి.

రెండేళ్ల ఇల్లంటే పర్మిషన్ టీజీ బీపాస్‌లో (ఇళ్ల పర్మిషన్లు ఇచ్చే ప్రభుత్వ ఆన్‌లైన్ పద్ధతి) వచ్చి ఉండాలి. అయిదు వందల చదరపు మీటర్ల లోపు స్థలంలో పది మీటర్ల ఎత్తు వరకు ఓనరు సొంత ధ్రువీకరణ మీద వెంటనే ఇచ్చేస్తారు. కాబట్టి పర్మిషన్ ఉందంటే ఎవరో ఇంజినీరు ముందే వచ్చి స్థలం చూశాడని కాదు. ప్లాను కాపీ చేతిలో పట్టుకుని మీరే టేపుతో సెట్‌బ్యాకులు (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) కొలవండి. పైన పెంట్‌హౌస్ ఉంటే అది ప్లానులో ఉందా చూడండి. ఓసీ (ప్లాను ప్రకారం కట్టారు, నివసించొచ్చు అనే ధ్రువపత్రం) అడగండి. "ఈ ఏరియాలో ఎవరికీ లేదండీ" అంటారు. వేరేవాళ్లకు లేకపోవడం వల్ల మీకొచ్చే లాభం ఏమీ లేదు.

ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే ధ్రువపత్రం) ప్లాటు నంబరుతో ఒకసారి, సర్వే నంబరుతో ఒకసారి, ఇంటి నంబరుతో ఇంకోసారి తీయించండి. ఒకే స్థలం రెండు పేర్లతో రెండుసార్లు అమ్ముడైన కేసులు అలా వెతికితేనే దొరుకుతాయి. కనీసం ముప్పై ఏళ్లవి తీయండి. సర్వే నంబరు నిషేధిత జాబితాలో, అంటే 22-ఎలో ఉందేమో చూడండి. అసైన్డ్, వక్ఫ్, భూదాన్, సీలింగ్ భూములన్నీ ఆ జాబితాలోకే వస్తాయి. రెరా (బిల్డర్ల ప్రాజెక్టులను నమోదు చేసి, కొన్నవాళ్ల ఫిర్యాదులు వినే ప్రభుత్వ సంస్థ) గురించి కూడా ఒక మాట. 167 గజాలంటే 140 చదరపు మీటర్లు. అయిదు వందల చదరపు మీటర్లు దాటిన స్థలానికో, ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టుకో రెరా రిజిస్ట్రేషన్ కావాలి. ఇలా విడిగా కట్టిన ఇంటికి అక్కర్లేదు. కాబట్టి రెరా నంబరు లేదని కంగారు పడకండి. కానీ స్లాబు కారితే రెరాకు వెళ్లే ధీమా కూడా ఉండదు.

ఇక చుట్టుపక్కల. పగలు ఆదివారం పదకొండింటికి చూసిన కాలనీ వేరు, శుక్రవారం రాత్రి పదింటికి చూసిన కాలనీ వేరు. పెళ్లిళ్ల సీజన్‌లో ముహూర్తం ఉన్న రాత్రి ఒకసారి వెళ్లండి. ఫంక్షన్ హాలు అర కిలోమీటరులో ఉంటే డీజే, బరాత్, టపాసులు, మీ గేటు ముందు కార్లు అన్నీ మీ లెక్కలోకే వస్తాయి. మెయిన్ రోడ్డు మలుపులో వైన్ షాపు ఉంటే మీ శ్రీమతి గారు రాత్రి ఆఫీసు నుంచి ఏ దారిన వస్తారో ఆ దారిన నడవండి. నాగారం, దమ్మాయిగూడ వైపు జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వాసన గాలి వాటాన్ని బట్టి వస్తుంది. చర్లపల్లి పారిశ్రామిక వాడ కూడా దగ్గరే. వాన పడి వెలిసిన రాత్రి, తెల్లవారుజామున ఒకసారి వెళ్లి కాసేపు నిలబడి గాలి పీల్చండి. మధ్యాహ్నం పూట వెళ్తే మీకేమీ తెలియదు.

పక్క ఖాళీ ప్లాట్లు ఎవరివి, ఎంత పెద్దవి? రెండు మూడు ప్లాట్లు కలిపి ఒకరే కొన్నారంటే అక్కడ అపార్టుమెంటు వస్తుంది. మీరు చూసి మురిసిపోయిన ఆ పడమటి కిటికీ వెలుతురు అంతటితో సరి. అది కట్టే రెండేళ్లూ దుమ్ము, బోరింగు మోత, రోడ్డు మీద కంకర.

ప్రయాణం గురించి మీరు తేలిగ్గా రాశారు. శ్రీమతి గారికి పోచారం హాయి. మీకు హైటెక్ సిటీ అంటే ఊరికి ఆ చివర నుంచి ఈ చివరకు. ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) 2024 మార్చిలో మొదలైంది, చర్లపల్లి కొత్త టెర్మినల్ 2025 జనవరిలో తెరిచారు. నిజమే, కానీ రైళ్లు తక్కువ. మీ షిఫ్టుకు సరిపోతాయో లేదో టైంటేబుల్ చూడండి. బ్రోకరు "రేపు వస్తుంది" అని చెప్పేవాటికి డబ్బు ఇవ్వకండి. ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్‌కు (పొడవాటి ఫ్లైఓవర్) 2018లో శంకుస్థాపన జరిగింది. దాన్ని నమ్మి అప్పట్లో ఆ వైపు కొన్నవాళ్లు ఏళ్ల తరబడి స్తంభాల కింద గుంతల్లో తిరిగారు. మంగళవారం పొద్దున ఎనిమిదింటికి ఆ ఇంటి గేటు దగ్గర బండి స్టార్టు చేసి ఆఫీసుకు వెళ్లి, సాయంత్రం అక్కడికే తిరిగి రండి. అది భరించగలరో లేదో మీకే తెలుస్తుంది.

ధర. ఇల్లు మొత్తంగా చూసి ఎక్కువా తక్కువా అనుకుంటే తేలదు. అదే వీధిలో ఖాళీ ప్లాటు గజం ఎంతకు పోతోందో కనుక్కోండి. చెబుతున్న ధర కాదు, రిజిస్ట్రేషన్ అయిన ధర. ఉదాహరణకు యాభై వేలనుకుందాం, స్థలం 83 లక్షల 50 వేలు. రెండు అంతస్తులు కలిపి 2,200 చదరపు అడుగులు, అడుగుకు 2,200 నిర్మాణ ఖర్చు వేస్తే 48 లక్షల పైచిలుకు. రెండూ కలిపి కోటీ ముప్పై రెండు. రెండేళ్ల అరుగుదల తీస్తే కోటీ ముప్పై. వాళ్లు చెప్పే కోటీ నలభై ఐదులో మిగతా పదిహేను లక్షలు దేనికని అడగండి. ఇంటీరియర్స్ అంటారు. మీకు నచ్చితేనే ఇంటీరియర్స్‌కు విలువ. గజం రేటు మీ వీధిలో వేరే ఉంటే లెక్క మార్చుకోండి, పద్ధతి ఇదే.

రెండేళ్లకే ఎందుకు అమ్ముతున్నారు అని తప్పకుండా అడగండి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి ఏడున్నర శాతం పోగొట్టుకుని ఎవరూ సరదాకు అమ్మరు. ట్రాన్స్‌ఫర్, కిస్తీల ఇబ్బంది, అన్నదమ్ముల పంపకాలు అర్థమయ్యే కారణాలు. ఇరవై నాలుగు నెలలు దాటితే అమ్మితే వచ్చే లాభం పన్ను లెక్కలో లాంగ్ టర్మ్ (దీర్ఘకాలికం) అవుతుంది, దానికోసం ఆగి అమ్మేవాళ్లూ ఉంటారు. చెప్పే కారణం మనిషి మారినప్పుడల్లా మారుతుంటే, అంటే ఓనరు ఒకటి, బ్రోకరు ఒకటి, పై పోర్షన్ వాళ్లు ఇంకోటి చెబుతుంటే ఆగండి.

చేతిలో ఎంత ఉండాలో ముందే వేసుకోండి. లోన్ 75 లక్షలు దాటితే ఇంటి విలువలో 75 శాతం వరకే ఇస్తారు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలపరు. కోటీ నలభై ఐదుకు రిజిస్ట్రేషన్ ఖర్చే దాదాపు పదకొండు లక్షలు. "సగం వైట్, సగం బ్లాక్" అంటే అగ్రిమెంటు విలువ తగ్గుతుంది, దాంతోపాటు లోనూ తగ్గుతుంది. ఇరవై వేలు, ఆపైన క్యాష్‌లో తీసుకున్నందుకు అంతే పెనాల్టీ ఆదాయపన్ను వాళ్లు అమ్మినవాడికి వేస్తారు. కాబట్టి ఆ బేరం అతనికీ మంచిది కాదని చెప్పండి. విలువ యాభై లక్షలు దాటింది కాబట్టి ఒక శాతం టీడీఎస్ (అమ్మినవాడికి ఇచ్చే డబ్బులోంచి ముందే కోసే ఆదాయపన్ను) మీరే పట్టుకుని కట్టాలి. ఓనరు విదేశాల్లో ఉంటే ఆ ఒక శాతం లెక్క చెల్లదు, పట్టుకోవాల్సింది చాలా ఎక్కువ. అప్పుడు డబ్బు ఇచ్చే ముందే సీఏ దగ్గరికి వెళ్లండి.

అన్నీ కుదిరి అగ్రిమెంటు దాకా వస్తే, అడ్వాన్స్ చెక్కు మీదే ఇవ్వండి. ఓసీ, ఎల్ఆర్ఎస్ ప్రొసీడింగ్స్, లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందు చేతులు మారిన పాత దస్తావేజులు) చూపించకపోతే అడ్వాన్స్ పూర్తిగా తిరిగి ఇవ్వాలని అందులో రాయించండి. పై పోర్షన్ అద్దె అడ్వాన్స్ ఎంత, అది మీకు ఎలా బదిలీ అవుతుందో కూడా రాయించాలి. లేకపోతే వాళ్లు ఖాళీ చేసేరోజు ఆ డబ్బు మీ జేబులోంచి పోతుంది. ఈసీలో ఎంఓడీటీ (ఇంటి దస్తావేజులు బ్యాంకులో తనఖా పెట్టినట్టు రాసిన పత్రం) కనిపిస్తే ఓనరు ఇంటి మీద లోన్ ఉన్నట్టు. ఆ బ్యాంకుకు వెళ్లి బాకీ ఎంతో, వాళ్ల దగ్గరున్న ఒరిజినల్ డాక్యుమెంట్ల జాబితా ఏమిటో రాతపూర్వకంగా తీసుకోండి. రిజిస్ట్రేషన్ రోజు ఆ మొత్తానికి చెక్కు ఓనరు పేరున కాకుండా నేరుగా ఆ బ్యాంకు లోన్ ఖాతా పేరున ఇవ్వండి. ఒరిజినల్స్‌ను ఆ జాబితాతో సరిచూసుకుని, మీ బ్యాంకు మనిషిని పక్కనే పెట్టుకుని తీసుకోండి.